గడప దాటిన మరమనిషి

టోక్యో స్టేషనులో కేయో లైను రైలెక్కితే సుమారు పావుగంటలో మైహమా వస్తుంది. డిస్నీలాండ్ ఉన్నది ఇక్కడే. పిల్లల్ని వెంటబెట్టుకొని టోక్యో వెళ్ళి మైహమా చూడకుండా రావడమంటే, తిరుపతి దాకా వెళ్ళి కొండెక్కకుండా వచ్చినట్లే! మా చెల్లెలు వాళ్ళు టోక్యోలో ఉంటారు. నేనూ, మా అమ్మాయీ వెళ్ళినప్పుడు అందరం కలిసి ఒక రాత్రి మైహమాలోనే దిగాం.

ఆ దాపుల హోటళ్ళలో బాగా పేరు మోసింది హెన్ నా హోటల్. హెన్ నా అంటే జపాను భాషలో 'వింతైన' అని అర్థం. పేరుకు తగ్గట్టే కౌంటరు వెనక మనుషులకు బదులు రెండు డైనోసార్లను నిలబెట్టారు, నెత్తిన బుల్లి టోపీలతో సహా! మనం దగ్గరకు వెళితే కదిలి పలకరించేవి. ముందున్న తెర మీద వివరాలు మనమే నొక్కుకోవాలి. ఈ సంస్థ మొదటి హోటలు 2015 జూలైలో నాగసాకి ప్రాంతంలో, హ్యూస్ టెన్ బోష్ అనే వినోదాల పార్కు దగ్గర తెరిచారు. మరమనుషులు పనిచేసే మొట్టమొదటి హోటలుగా అది గిన్నిస్ పుస్తకానికెక్కింది.

ఆ నాగసాకి హోటలు గదుల్లో మంచం పక్కన ఒక బొమ్మ ఉండేది. లైటు వెయ్యమంటే వేసేది, టైమెంతంటే చెప్పేది. పాపం ఎవరో ఒకాయన గురకపెట్టి నిద్రపోతుంటే, తననేదో అడుగుతున్నాడనుకొని "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అంటూ ఆయన్ని మాటిమాటికీ లేపిందట! ఇలాంటి తంటాలు పడలేక 2019 నాటికి అక్కడున్న 243 మరమనుషుల్లో సగానికి పైగా పనిలోంచి తీసేశారు. మా మరిది ఈ కథ చెబుతుంటే పడీ పడీ నవ్వాం. నవ్వు ఆగాక మా చెల్లెలంది కదా, "గురక వినబడిందంటే, రాత్రంతా అది చెవులు రిక్కించుకునే కూర్చుందన్నమాటేగా అక్కా!"

నిజమే సుమండీ. ఆ మాటకు తగ్గ సంగతి ఒకటి ఈ మైహమాలోనే జరిగింది. ఇక్కడి హెన్ నా హోటల్లో వంద గదులుండేవి. గదికొకటి చొప్పున తాపియా అనే మరబొమ్మను పెట్టారు. కోడిగుడ్డు ఆకారం, ముఖం చోట తెర, చూడ్డానికి ముద్దుగా ఉండేది. దానికి కెమెరా ఉంది, మైకూ ఉంది. 2019లో కంప్యూటర్ల భద్రత తెలిసిన ఒకాయన అందులో లోపం కనిపెట్టాడు. గదిలో దిగినవాళ్ళెవరైనా దుర్బుద్ధి పుట్టి, ఆ బొమ్మ దగ్గర ఒక చిన్న ఎలక్ట్రానిక్ చీటీ తాకించి దాని సెట్టింగు మార్చేస్తే చాలు. వాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయాక, తర్వాత దిగినవాళ్ళను ఎక్కడో కూర్చొని చూడొచ్చు, వాళ్ళ మాటలు వినొచ్చు! ఆయన ముందుగా హోటలు వాళ్ళకే చెప్పాడు. తగిన జవాబు రాలేదని అక్టోబరులో నలుగురికీ చెప్పాడు. అప్పుడు గానీ యాజమాన్యం క్షమాపణ చెప్పలేదు. దుర్వినియోగం జరిగిన దాఖలా ఏదీ దొరకలేదన్నారు. కానీ ఆడపిల్లను తీసుకొని దిగిన తల్లికి ఆ మాటతో మనసు కుదుటపడుతుందా?

మేము దిగింది వేరే హోటలు. అక్కడ గదిలో బొమ్మలేవీ లేవు గానీ, వరండాల్లో తిరిగే మర బంట్రోతు ఉంది. 2014లోనే అమెరికాలో, కాలిఫోర్నియాలోని ఆలాఫ్ట్ హోటల్లో ఇలాంటిది పెట్టారు. నడుమెత్తు డ్రమ్ములాగా ఉంటుంది. తువ్వాళ్ళు కావాలని కిందికి ఫోను చేస్తే, తానే లిఫ్టెక్కి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. గదిలో ఫోను మోగింది. తలుపు తీస్తే మూత తెరుచుకుంటుంది, మన వస్తువు మనం తీసుకోవాలి. పిల్లలకైతే పండగే!

అప్పటికి మా అమ్మాయి స్నానం చేసి నైటీలో ఉంది. పరుగున తలుపు తియ్యబోతుంటే "చున్నీ వేసుకో" అన్నాను. "మరను చూసి సిగ్గేమిటమ్మా?" అని నవ్వింది. సిగ్గు మరను చూసి కాదు, దాని కంటి వెనక ఏ మనిషి కూర్చున్నాడో తెలియక! దారి చూసుకు నడవడానికి దానికీ కళ్ళుండాలిగా. ఆ కంటికి కనబడింది ఎక్కడికి పోతుందో, ఎన్నాళ్ళు దాస్తారో దిగినవాళ్ళకు తెలిసే వీలేదీ?

అలాగని వీటిని తీసిపారెయ్యలేను. రాత్రి పదిన్నరకు ముక్కూ మొహం తెలియని మగమనిషి తలుపు తట్టడం కన్నా ఈ డ్రమ్మే నయమనిపించింది. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్ళయితే ఇంకా సంతోషిస్తారు. మన ఇళ్ళలో పాలవాడు, పేపరబ్బాయి గడప ఇవతల నిలబడతారు. పని జరుగుతుంది, ఇంటి గుట్టూ దక్కుతుంది. మర బంట్రోతు కూడా అంతే, గడప దాటలేదు. మంచం పక్కన కూర్చున్న గుడ్డు బొమ్మ గడప దాటింది. తేడా అంతా అక్కడే ఉంది.

మన ఊళ్ళలోనూ హోటలు గదుల్లో మాట వినే స్పీకర్లూ, టీవీలూ వస్తున్నాయి. గదిలోకి వెళ్ళగానే దుప్పటీ, బాత్‌రూమూ చూసుకుంటాం కదా, అలాగే వీటినీ ఒకసారి చూడండి. కెమెరా ఉందా, మైకు ఉందా అని కౌంటరులో అడగండి. వద్దనుకుంటే ప్లగ్గు పీకెయ్యండి, బాటరీ మీద నడిచేదైతే గదిలోంచి తీసుకుపొమ్మనండి. గోడవైపు తిప్పితే కన్ను మూసుకుంటుంది గానీ చెవి మూసుకోదు. మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెప్పి, మన సమ్మతి అడగాలని మన దేశంలోనూ 2023లో చట్టం చేశారు. కనుక అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. గదికి మనం అద్దె కట్టేది మంచానికీ, ఏసీకీ మాత్రమే కాదు, తలుపు మూసుకొని నిశ్చింతగా ఉండటానికి కూడాను.