తెలియని నీళ్ళలో గాలము వేసే ముందు



మాది నందిగామ వైపు మెట్ట ప్రాంతములోని చిన్న గ్రామము. మా ఊరి చెరువుకు రెండు తూములు, ఒక అలుగు ఉన్నవి. ఏ తూము దగ్గర కొర్రమీను దాగి ఉంటుందో, ఏ వేళకు వాలుగ ఎరను అందుకొంటుందో చిన్నప్పటి నుండి నాకు తెలుసు. బడి వదిలిన తరువాత వెదురు గాలము పట్టుకొని చెరువు కట్టపై కూర్చోవడము నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. "మాస్టారు గాలము వేస్తే ఇంట్లో పులుసు ఖాయము" అని ఊరివాళ్ళు సరదాగా అనేవారు. ఆ మాట విని విని, నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే అనుకొన్నాను. ఆ తలంపు ఎంత తప్పో దివిసీమ తీరములో తెలిసింది. పిల్లలతో సముద్రతీరానికి వెళ్ళాలనుకొనే కుటుంబాలకు పనికివస్తుందని ఆ సంగతి వ్రాస్తున్నాను.

2016 సంక్రాంతి సెలవులలో అవనిగడ్డలో ఉన్న మా బావమరిది ఇంటికి వెళ్ళాము. కృష్ణానది అక్కడ పాయలుగా చీలి సముద్రములో కలుస్తుంది. ఆ పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న నేలే దివిసీమ. మా అబ్బాయికి అప్పుడు పదేళ్ళు. "నాన్నా, సముద్రములో గాలము వేద్దాము" అని రెండు రోజులు వెంటపడ్డాడు. నాకూ మనసు లాగింది. మా బావమరిది, "బావా, రేపు నాకు డ్యూటీ ఉంది. ఎల్లుండి తెలిసినవాళ్ళను వెంటబెట్టుకొని వెళదాము" అన్నాడు. "గాలము వేయడానికి ఒకరు నేర్పాలా?" అని నవ్వి, మరునాడే అబ్బాయిని తీసుకొని హంసలదీవి వైపు బయలుదేరాను. అది అమావాస్య వెళ్ళిన మరునాడు. ఆ సంగతి పట్టించుకోవాలని నాకు తెలియదు.

మధ్యాహ్నము మూడు గంటల వేళ ఒడ్డుకు కొంచెము అవతల చక్కని ఇసుక దిబ్బ కనిపించింది. మధ్యలో చిన్న పాయ, నీరు నా మోకాలి లోతు. ఇద్దరము చేయి చేయి పట్టుకొని దాటి, దిబ్బ మీద గాలాలు వేసి కూర్చొన్నాము. చెరువుకు తీసుకువెళ్ళే వానపాములే ఎర. వాటిని ఏ చేపా సరిగా ముట్టలేదు. "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటూ పొద్దు వాలేదాకా ఉండిపోయాము. లేచి వెనుకకు తిరిగి చూస్తే మేము దాటి వచ్చిన పాయ వెడల్పయింది. దిగి చూశాను. నడుము దాకా నీరు, కాళ్ళ కింద ఇసుకను లాగేస్తున్న ఒరవడి. అబ్బాయికి అది గొంతు లోతు. దిబ్బ కూడా అంచుల నుండి కుంచించుకుపోతున్నది.

వాడిని భుజాల మీద ఎక్కించుకొని రెండు అడుగులు వేసి, మళ్ళీ వెనుకకు వచ్చాను. "నాన్నా, ఇంటికి వెళదాము" అని వాడు మెల్లగా అన్న మాట నేటికీ నా చెవిలోనే ఉన్నది. గట్టిగా కేకలు వేశాను. వల ఎత్తుకొని చిన్న నావలో తిరిగి వెళుతున్న ఒక ముసలి జాలరి విని, మా వైపు నావ తిప్పాడు. ఒడ్డుకు చేర్చిన తరువాత డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "అడిగితే చెప్పేవోళ్ళం గదా మాస్టారూ" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ రాత్రి మా ఆవిడ కూడా ఏమీ అనలేదు. అబ్బాయి తల తుడుస్తూ కూర్చొంది. ఎవరైనా నన్ను కోప్పడితే బాగుండునని అనిపించింది.

మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాము. ఈసారి మా పొలములో పండిన కందులు ఒక సంచెడు తీసుకొని, ముందు ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. "చేపలు ఎక్కడ పడతాయి బాబాయ్?" అని అడగబోయి ఆగి, "ఎక్కడ కాలు పెట్టకూడదు?" అని అడిగాను. ఆయన నవ్వి, అరుగు మీద చాప పరచి కూర్చోబెట్టాడు. నేను నేర్చుకొన్నవి ఇవి.

మొదటిది పోటు, ఆటు. తూర్పు తీరములో సముద్రము రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తీస్తుంది. ఒక పోటుకూ తరువాతి పోటుకూ నడుమ సుమారు పన్నెండున్నర గంటలు. అందువలన ఈ రోజు పోటు వచ్చిన వేళకు సుమారు 50 నిమిషాలు కలిపితే రేపటి వేళ వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో పడుతుంది కనుక పోటు ఎక్కువ, తీయడమూ ఎక్కువ. ఆ బలము ఒకటి రెండు రోజుల తరువాత కూడా ఉంటుంది. అష్టమి రోజులలో రెండూ తక్కువ. మేము మొదటిసారి దాటింది నీరు పూర్తిగా తీసిన వేళ. పొద్దు వాలేసరికి పోటు లేచింది. గోడ మీద వేలాడే క్యాలెండరును చూసి తిథి తెలుసుకొని ఉంటే అంత భయము పడేవాళ్ళము కాము. పోటుతో పాటు చేపలు మేతకు లోపలికి వస్తాయి కనుక అనుభవమున్న జాలరులు పెద్ద పోట్లనే కోరుకొంటారు. పిల్లలతో వెళ్ళే కొత్తవారికి అష్టమి రోజులే మేలు. మేమూ పౌర్ణమి వెళ్ళిన వారానికి, శనివారమునాడు వెళ్ళాము.

రెండవది నది మొగ. నది సముద్రములో కలిసే చోట నీరు తీసేటప్పుడు నది ఒరవడి, ఆటు ఒరవడి కలిసి సముద్రము లోపలికి లాగుతాయి. ఈత వచ్చినవారు కూడా అక్కడ దిగకూడదు. ఇసుక దిబ్బలు స్థిరముగా ఉండవు. నిరుడు నడిచిన చోట ఈ ఏడు నిలువు లోతు ఉండవచ్చు. కాబట్టి పాత గుర్తులు నమ్మక, ఆ ఊరివారిని అడగాలి.

మూడవది వాతావరణము. దివిసీమలో ఈ మాట ఎవరూ తేలికగా తీసుకోరు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో అక్కడ వేలాదిమంది చనిపోయారు. నేడు వాతావరణ శాఖ మత్స్యకారులకు ముందుగానే హెచ్చరికలు ఇస్తుంది. 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రము అలల ఎత్తు, గాలి వేగము, చేపలు దొరికే ప్రాంతాల గురించి సమాచారము ఇస్తుంది. హెచ్చరిక ఉన్న రోజున ఆకాశము ఎంత తేటగా కనిపించినా వెళ్ళరాదు.

నాలుగవది చట్టము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరములో మరపడవలతోను ఇంజను పడవలతోను వేట నిషేధము. చేపలు గుడ్లు పెట్టే కాలమది. కృష్ణా మొగ దగ్గర మడ అడవులలో చాలా భాగము అభయారణ్యము. అక్కడ అటవీశాఖను అడగకుండా వెళ్ళకూడదు. చలికాలము చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ ఇసుకలోనే గుడ్లు పెడతాయి. వాటి జాడ కనిపిస్తే తొక్కకుండా తప్పుకొని నడవాలి.

ఐదవది సామాను. చెరువు గాలము సముద్రానికి చాలదు. అలకు తట్టుకొనే బరువైన సీసపు గుండు, గట్టి నైలాను దారము, కొంచెము పెద్ద కొక్కెము కావాలి. వానపాము కంటే బ్రతికి ఉన్న రొయ్య మంచి ఎర. ఇంటికి రాగానే అన్నీ మంచినీటితో కడగకపోతే ఉప్పు తినివేస్తుంది.

ఆరవది ముళ్ళు. సముద్రపు జెల్ల రెక్కల ముళ్ళు, టేకు చేప తోక ముల్లు విషము గలవి. టేకు ఇసుకలో కప్పుకొని పడుకొంటుంది కనుక నీళ్ళలో అడుగు ఎత్తి వేయక, ఇసుక మీద కాలు జరుపుకొంటూ నడవాలి. అలికిడికి అది తప్పుకొంటుంది. ముల్లు గుచ్చుకొంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో గాయమును ఉంచితే నొప్పి తగ్గుతుంది. లోతుగా దిగిన ముల్లును మనము లాగరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇవన్నీ అయిన తరువాత పెద్దాయనే చోటు చూపించాడు. మా బావమరిది అబ్బాయికి లైఫ్ జాకెట్టు తొడిగాడు. త్రాగే నీరు, టోపీలు, ప్లాస్టిక్ కవరులో ఫోను పెట్టుకొన్నాము. "నాలుగింటికల్లా ఒడ్డున ఉంటాము, లేకపోతే మనుషులను పంపు" అని మా ఆవిడకు చెప్పి బయలుదేరాము. వెళ్ళే ముందే తిరిగి వచ్చే వేళ చెప్పడము అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయము.

ఆ రోజు రెండు గొరకలు, ఒక చిన్న పండుగప్ప పడినవి. పండుగప్పను పెద్దాయన చేతిలోకి తీసుకొని, "ఇది ఇంకా పెరగాలి" అని నీళ్ళలోకి వదిలాడు. పండుగప్ప ముందు మగదిగా ఎదిగి, పెద్దదయ్యాక ఆడదిగా మారుతుందని తరువాత చదివి తెలుసుకొన్నాను. చిన్నవాటినన్నిటినీ పట్టివేస్తే గుడ్లు పెట్టేవి మిగలవు. అబ్బాయి మొదట ముఖము ముడుచుకొన్నాడు గాని, కారణము చెబితే తలూపాడు.

నాలుగు గంటలకు పది నిమిషాలు ఉండగానే ఒడ్డుకు వచ్చాము. మా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. సంచిలోకి చూడలేదు, అబ్బాయిని చూసింది. "ఈసారి వేళకు వచ్చారు" అని మాత్రము అన్నది. ఆ రెండు గొరకల పులుసులో మా అందరికీ తలా ఒక ముక్క వచ్చింది. ముప్పై ఏళ్ళలో అంత రుచిగల పులుసు తిన్నట్లు నాకు జ్ఞాపకము లేదు.

మీరూ మీ పిల్లలతో సముద్రానికి వెళ్ళి రండి. మన చెరువులో మనకు ఎంత అనుభవమున్నా, కొత్త నీళ్ళ దగ్గర ముందుగా ఆ ఊరి అరుగు మీద కూర్చొని నాలుగు మాటలు అడగండి. అడిగినవారికి చెప్పకుండా పంపే జాలరి ఇంతవరకు నాకు కనబడలేదు.