మళ్ళీ వంకరపోయిన బొటనవేలు

మెట్టెలు తొడుగుతూ మావారు నా చెవిలో అడిగిన మొదటి మాట, "నీ బొటనవేలు పక్కవేలి మీద పడుకుందేమిటి?" అని! మా అమ్మమ్మదీ, అమ్మదీ అదే పాదం. నగలేవీ నా దాకా రాలేదు గానీ, ఇది మాత్రం భద్రంగా వచ్చింది.

ముప్పై అయిదేళ్ళు వచ్చేసరికి వేలి మొదట్లో బొడిపె ఉసిరికాయంత అయింది. ఇంగ్లీషులో బునియన్ అంటారట. చెప్పు ఒరుసుకుని ఎర్రగా వాచేది. 2009లో ఒక డాక్టరుగారు "కాస్త చెక్కేస్తే సరిపోతుందమ్మా" అన్నారు. చెక్కారు. రెండేళ్ళు హాయిగా తిరిగాను. నాలుగో ఏటికి బొడిపె మళ్ళీ హాజరు! "ఇది మళ్ళీ రాదు కదా?" అని ఆనాడు నేను అడగనూ లేదు, ఆయన చెప్పనూ లేదు. పట్టుచీర కొనేటప్పుడు రంగు పోదు కదా అని పదిసార్లు అడుగుతామే!

2022లో నొప్పి భరించలేక ఇంకో ఊళ్ళో ఒక ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నన్ను నిలబెట్టి ఎక్స్‌రే తీయించారు. ఒంటి బరువు పడితేగాని అసలు వంకర తెలియదట. బొడిపె కొత్తగా మొలిచింది కాదట. బొటనవేలి వెనక, పాదంలో ఉండే పొడుగు ఎముక రెండో పాదం వైపుకి జరుగుతుంది, వేలేమో పక్కవేళ్ళ వైపుకి ఒరుగుతుంది. ఆ మలుపే బయటికి పొడుచుకొస్తుంది. దాన్ని చెక్కడమంటే బందులు సడలి వాలిన తలుపుకి అంచు చిత్రిక పట్టడమే! అందుకని ఎముకనే కోసి, జరిపి, స్క్రూలు బిగించారు. వంకర మరీ ఎక్కువైనా, పాదం మధ్యలో కీలు వదులుగా ఉన్నా ఆ కీలునే అతికించేస్తారట. వేలి కింద బఠాణీ గింజలంత ఎముకలు రెండుంటాయి. అవి తమ చోటికి రాకపోతే వేలు మళ్ళీ పక్కకి లాగుతుందని చెప్పారు.

అయితే ఆవిడ వెంటనే తేదీ ఇవ్వలేదు. నాకు షుగరుంది. అది అదుపులో లేకపోతే గాయం మానదు, ఎముక అతకదు అన్నారు. రెండు నెలలు కాఫీలో చక్కెర మానేశాను. సిగరెట్లు కాల్చేవాళ్ళకీ ఎముక సరిగ్గా అతకదట.

ఆ తరవాత ఆరువారాలు గట్టి చెప్పు తొడుక్కుని మడమ మీద నడక. మా ఆడపడుచు వచ్చి వంట చేసింది. నేను కాలు దిండు మీద పెట్టుకుని కూరలు తరిగాను. మూడోవారం పోపు మాడుతున్న వాసనకి లేచి పరుగెత్తబోతే, "వదినా, కూర పోతే పోయింది, కాలు జాగ్రత్త!" అని కేకేసింది. డాక్టరమ్మ చెప్పినప్పటి నుంచి రోజూ వేలిని పైకీ కిందికీ వంచేదాన్ని, బిగుసుకుపోకుండా. వాపు పూర్తిగా తగ్గడానికి ఆరు నెలలు దాటింది. ఇప్పుడు వేలు గీత గీసినట్టు లేదుగానీ, మెట్టె నలిగిపోవడం లేదు.

ఇక మా చిన్నమ్మాయి. పదిహేనేళ్ళది. దాని వేలూ ఒరగడం మొదలెట్టింది. ఫొటోల్లో బాగుండదు, ఆపరేషన్ చేయించమని గొడవ. నొప్పి లేదు కదా, ఆగమన్నారు డాక్టరమ్మ. ఎదిగే వయసులో చేస్తే తిరగబెట్టే అవకాశం ఎక్కువట. చెప్పులే వేసుకోనివాళ్ళకీ ఇది వస్తుంది, కానీ ఇరుకు చెప్పులు మాత్రం నొప్పినీ వంకరనీ పెంచుతాయి అన్నారు.

ఇంటికొచ్చి కాగితం మీద అమ్మాయి పాదం పెన్సిల్‌తో గీశాను. చక్కిలిగింతలని ఒకటే నవ్వు. స్కూలు బూటు దాని మీద పెడితే, గీత రెండు పక్కలా అరంగుళం బయటికొచ్చింది! మీరూ ఒకసారి పెట్టి చూడండి. బజారుకెళ్తే ఆడపిల్లల బూట్లలో అంత వెడల్పువి లేవన్నారు. మగపిల్లల జత కొన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు అవే వేసుకుని వెళ్ళింది.