ఇంగ్లీషు పాసేజీలో మా అమ్మ గంప



ఈసారి గోడపత్రికకి కథ కాకుండా ఇంగ్లీషు పాసేజీల గురించి రాస్తున్నాను. ఎందుకంటే మన హాస్టల్లో చాలామందికి ఇంగ్లీషు పీరియడ్ అంటేనే గుండెల్లో దడ. పండగ సెలవులకి ఇంటికెళ్ళి "నాకు ఇంగ్లీషు రాదు, ఇంక నేను పోను" అని ఆగిపోయిన వాళ్ళు మనకి తెలుసు. సుగాలి అమ్మాయిలకు ఇంట్లో ఒక భాష, ఎరుకల వాళ్ళకు ఇంకో భాష, మా యానాదులకు తెలుగే. కానీ ఇంగ్లీషు దగ్గర మాత్రం మనమందరం ఒకటే బెంచీ. మన సైన్సు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. పదో తరగతి ఇంగ్లీషు పరీక్షలో ఇచ్చే కొత్త పాసేజీకి ఎదురు పేజీ ఉండదు కదా!

మా ఇంట్లో బడి మెట్లు ఎక్కినదాన్ని నేనే మొదటిదాన్ని. అమ్మా నాయనా కాలువల్లో చేపలు, పీతలు పడతారు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఉయ్యూరు బజారుకి నడిచి వచ్చి అమ్ముతుంది. ఇంగ్లీషు చెప్పేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. అయితే సాయంత్రం స్టడీ అవర్లో టీచర్ గారు ఇచ్చే చిన్న చిన్న పాసేజీలు చదువుతుంటే నాకొకటి అర్థమైంది. మాటలు కొత్తవే గానీ, అందులోని సంగతులు చాలావరకు మన ఇంట్లోవే.

ఉదాహరణకి కుండ పాసేజీ. ఎండాకాలంలో కుండలో నీళ్ళు ఎందుకు చల్లగా ఉంటాయి అని. అందులో 'పోర్స్' అనే మాట వచ్చింది. డిక్షనరీ వేరేవాళ్ళ దగ్గర ఉంది. ముందు వాక్యంలో 'క్లే', తర్వాత వాక్యంలో 'వాటర్ కమ్స్ అవుట్' అని ఉంది. కొత్త కుండ బయట చెమ్మ పట్టడం మనం చూడలేదా? అంటే మట్టిలో కనపడని సన్న రంధ్రాలే 'పోర్స్'. ఆ నీరు ఆవిరవుతూ కుండలో వేడిని తీసుకుపోతుంది, లోపలి నీళ్ళు చల్లబడతాయి. డిక్షనరీ వచ్చాక చూస్తే అదే అర్థం రాసి ఉంది. తెలియని మాట వచ్చినప్పుడు అక్కడే ఆగిపోకుండా దాని ముందూ వెనకా చూడాలి.

ఇంకో పాసేజీ 'వర్క్' గురించి. అది చదివి నాకు కోపం వచ్చింది. నెత్తిన బరువుతో సమంగా ఉన్న రోడ్డు మీద నడిచే మనిషి ఆ బరువు మీద చేసే పని సున్నా అని ఉంది! మా అమ్మ మెడ నొప్పికి రాత్రి నేను నూనె రాస్తాను. అది సున్నానా? కోపంతోనే మళ్ళీ చదివాను. మొదటి వాక్యంలోనే ఉంది, సైన్సులో ఈ మాటకి ప్రత్యేక అర్థం అని. మనం బలం పైకి పెడుతున్నాం, బరువు ముందుకి కదులుతోంది. బలం పెట్టిన వైపు కదలిక లేదు కాబట్టి సున్నా అంటారు. అదే 10 కిలోల గంపని నేల మీద నుంచి ఒకటిన్నర మీటరు ఎత్తుకి లేపితే సుమారు 147 జౌల్స్ పని. చివరి ప్రశ్న, "మరి ఆమె ఎందుకు అలసిపోతుంది?" బరువు మోసినంతసేపూ కండరాలు బిగుసుకుంటూ తిన్న తిండిలోని శక్తిని ఖర్చు చేస్తూనే ఉంటాయి. ఆ జవాబు రాసేటప్పుడు నాకు కోపం పోయింది. మా అమ్మ కష్టం ఆ పాసేజీలోనే ఉంది, చివరిదాకా చదివితేనే కనపడింది.

ఇవి మార్కుల కోసమే అనుకోవద్దు. ఓ.ఆర్.ఎస్. గురించి కూడా ఒక పాసేజీ చదివాం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం అప్పుడు బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ సీసాలు చాలకపోతే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు గారు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్ళు తాగించి ఎంతోమందిని బతికించారు. గ్లూకోజు ఉంటే పేగులు ఉప్పునీ నీటినీ బాగా పీల్చుకుంటాయి. ఎండాకాలం సెలవుల్లో మా తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆశా కార్యకర్త ప్యాకెట్ ఇచ్చి వెళ్ళింది. అమ్మ చిన్న గ్లాసుడు నీళ్ళు తెచ్చి, "మొత్తం ఇందులో పోసెయ్యనా అమ్మాయ్?" అంది. నేను ప్యాకెట్ వెనక ఇంగ్లీషు చదివాను. ఒక లీటరు మంచినీళ్ళలో మొత్తం కలపాలి, 24 గంటల్లోపు వాడాలి, మిగిలితే పారబోయాలి. నీళ్ళు తక్కువైతే ఉప్పు ఎక్కువై పిల్లవాడికి ప్రమాదం. కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు సీసాతో కొలిచి కలిపాం. కొంచెం కొంచెంగా తాగించాం. వాడు రెండో రోజుకి లేచి ఆడుకున్నాడు. నాయన ఆ ఖాళీ ప్యాకెట్ తిప్పి తిప్పి చూసి, చూరులో దోపాడు.

కనుక నా చిన్న విన్నపం. వారానికి ఒక పాసేజీ ఈ గోడపత్రిక పక్కన అతికిద్దాం. తొమ్మిదో తరగతి అక్కలం ఆదివారం మధ్యాహ్నం ఆరో తరగతి చెల్లెళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చదివిద్దాం. ముందు ప్రశ్నలు చదవాలి, తర్వాత పాసేజీ రెండుసార్లు. 'ఇట్' అని వస్తే అది దేన్ని అంటుందో వేలు పెట్టి చూపించాలి. 'బికాజ్' కనపడితే కారణం అక్కడే ఉందని గుర్తు. ఇంగ్లీషు భయంతో ఇంక ఎవ్వరూ పెట్టె సర్దుకోకూడదు. వార్డెన్ గారు ఒక డిక్షనరీ మెస్ హాలులో పెట్టిస్తే మేలు.

మొదటి పాసేజీ చెరుకు పిప్పి గురించి రాసి అతికించాను. చక్కెర ఫ్యాక్టరీలో రసం తీసేశాక మిగిలిన పిప్పి ఎందుకు పనికొస్తుంది? ప్రశ్నలు అయిదు. జవాబులన్నీ పాసేజీలోనే ఉన్నాయి, వెతకండి.

– తొమ్మిదో తరగతి విద్యార్థిని