ఏ తీగె?

మా నాన్నగారి నాడి నిమిషానికి 36కు దిగింది. పేస్‌మేకరు తప్పదన్నారు, బెంగుళూరు డాక్టరుగారు. తీగెను కుడి జఠరికలో గ్రుచ్చడం పాతపద్ధతి. ఏండ్లు గడిస్తే కొందరి గుండె దానివల్ల నీరసిస్తుందట. 2017లో చైనా వైద్యులు వెల్లడించిన పద్ధతిలో, గుండెలో విద్యుత్తు సహజంగా పారే ఎడమ శాఖకే తీగె చేరుస్తారు. అదే కోరుకొన్నాము.

అందుకు తీగెలు రెండు రకాలు: లోపల బోలులేని సన్ననిది, బోలులో ఉక్కుపుల్ల దూర్చి నడిపేది, కాస్త లావు. పాతుకొన్నాక పెరకడం కష్టం. ఆఫీసులో కొటేషన్లు సరిచూచే గుమాస్తాను గదా, రాత్రంతా కాగితంమీద పోల్చాను, తేలలేదు. తెల్లవారి కన్నడంలో అడిగాను: "మీ చేతికి అలవాటైనదేది, స్వామీ?"

"సన్ననిది" అన్నారు.

సంతకం చేశాను. నాన్నగారిప్పుడు మార్కెట్టుకు నడిచే వెళ్తున్నారు.