మేడమీది గది

మా ఏ.ఎస్. రావు నగర్‌లో ‘రెసిడెన్సీ’ అన్న మాటకు కరువు లేదు. ఏదో ఒక దేవుడి పేరు ముందుంచి, వెనుక రెసిడెన్సీ అని తగిలించిన అపార్ట్‌మెంటు వీధికొకటి కనిపిస్తుంది. నగరానికి ఆ కొసన, కోఠీలో, కిర్క్‌పాట్రిక్ దొర కట్టించిన అసలు రెసిడెన్సీ ఎలాగూ ఉంది. రచయితలూ, చిత్రకారులూ, సంగీతజ్ఞులూ కొన్ని వారాలపాటు ఒకచోట కూడి ఉండి, ఎవరి పని వారు చేసుకుంటూ, ఒకరి పనిని మరొకరు గమనించుకునే ఏర్పాటును కూడా రెసిడెన్సీ అనే అంటారు. ఈ అర్థంలో ఆ మాటకు మన భాషలో స్థిరపడిన సమానార్థకం లేదు. ‘కళావాసం’ అంటే ఎలా ఉంటుందో చదువరులే చెప్పాలి.

ఇటువంటి వాటిలో నన్ను ఎక్కువగా ఆకర్షించినది అమెరికాలోని మెక్‌డోవెల్. ఎడ్వర్డ్ మెక్‌డోవెల్ అనే స్వరకర్త, ఆయన భార్య మేరియన్ కలిసి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని పీటర్‌బరోలో 1907లో దీనిని ప్రారంభించారు. మరుసటి ఏడే ఆయన మరణించగా, స్వయంగా పియానో విద్వాంసురాలైన మేరియన్ ఊరూరా కచేరీలు చేసి, చందాలు పోగుచేసి దశాబ్దాలపాటు దానిని నిలబెట్టింది. అక్కడ అడవిలో విడివిడిగా కుటీరాలుంటాయి. మధ్యాహ్న భోజనాన్ని ఒక బుట్టలో సర్ది, కుటీరం గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోతారు. సాయంత్రం మాత్రం అందరూ ఒకే చోట భోజనం చేస్తారు.

నాకు అక్కడి అడవి మీద గానీ, పేరుప్రతిష్ఠల మీద గానీ అసూయ కలగలేదు. ఆ బుట్ట మీద కలిగింది. ఇరవై ఆరేళ్ళుగా ఇంటిల్లిపాదికీ బుట్టలు సర్దుతున్న చేతులివి. ఒక్క వారం... ఎవరో వండి, గుమ్మంలో పెట్టి, పిలవకుండా వెళ్ళిపోతే! కథ రాసే స్త్రీలకు ఈ వాక్యాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.

మన దేశంలోనూ ఇప్పుడు ఇటువంటి ఆవాసాలు పుట్టుకొచ్చాయి. రెండేళ్ళ క్రితం ఒకదానికి దరఖాస్తు పెట్టుకోబోయాను. పేరెందుకు లెండి. వయస్సు ముప్పై అయిదు దాటరాదన్నారు. నెల రోజులు కదలకుండా అక్కడే ఉండాలన్నారు. నాకు యాభై రెండు. ఇంట్లో మంచం దిగలేని అత్తగారు. నియమం పెట్టినవారికి వారి కారణాలు వారికుంటాయి, కాదనను. కానీ ముప్పై అయిదు దాటిన తరువాతనే కలం పట్టే తీరిక చిక్కిన ఒక తరం స్త్రీలు ఆ ఒక్క వాక్యంతో గుమ్మం బయటే నిలిచిపోయారన్న మాట మాత్రం నిజం.

సరే, అది దక్కలేదు కనుక, మన వైపు ఇటువంటిదేమైనా జరిగిందా అని వెతకడం మొదలుపెట్టాను. పేరు లేదు గానీ, పని జరిగింది. అదీ నూరేళ్ళ క్రితమే.

రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రిన్సిపాలుగా వచ్చాడు. కవిత్వం రాసేవాడు, బొమ్మలు వేసేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు, దామెర్ల రామారావు ఆయన చేరదీసిన కుర్రవాళ్ళు. ఒకరు కవి, ఒకరు చిత్రకారుడు, ఒకరు రెండూను. కళకొక గది చొప్పున కేటాయించి, వీరిని వేరువేరుగా కూర్చోబెట్టే ఆలోచన ఆయనకు ఉన్నట్టు లేదు. దామెర్లను 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పంపడం వెనుక ఉన్నది ఆయన ప్రోత్సాహమే. ఆ దామెర్ల తిరిగివచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల నెలకొల్పాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవారే. 1925లో మశూచికం ఆయనను తీసుకుపోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. ఆ శాలను మిత్రుడు వరదా వెంకటరత్నం కొనసాగించాడు. ఒక పెద్దదిక్కు ఒక కుర్రవాణ్ణి గుర్తించడం, ఆ కుర్రవాడు మరి కొందరికి పెద్దదిక్కు కావడం... ఇప్పుడు ‘మెంటరింగ్’ అని కరపత్రాలలో రాసేది దీనినే కదా!

బాపిరాజు కథ ఇంకా విచిత్రం. బందరులో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతో పాటు చేతిపనులూ నేర్పేవారు. అక్కడికి వంగదేశం నుంచి వచ్చిన ప్రమోద కుమార చటోపాధ్యాయ దగ్గర బాపిరాజు చిత్రకళను అభ్యసించాడు. తరువాత 1934 నుంచి 1939 దాకా ఆ కళాశాలకే అధ్యక్షుడయ్యాడు. నవలలు రాశాడు, పాటలు కట్టాడు, సినిమాలకు కళాదర్శకత్వం వహించాడు, 1940లలో మన హైదరాబాదుకు వచ్చి ‘మీజాన్’ పత్రికకు సంపాదకత్వం చేశాడు. ఆయన నవలల్లో బట్టల రంగులనూ, భవనాల అలంకరణనూ అంత ఓపికగా వర్ణించడం చూసి చిన్నతనంలో విసుక్కునేదాన్ని. అది కుంచె పట్టిన చెయ్యి రాసిన వచనమని తెలిశాక మళ్ళీ చదివాను. పుటలు నిదానంగా తిరిగాయి.

ఇక మదనపల్లె. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ టాగోర్ అక్కడి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నాళ్ళు విశ్రాంతికి ఆగాడు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ ఐరిష్ కవి. ఆయన భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదువుకున్నావిడ. ఒక సాయంత్రం విద్యార్థుల కూటమిలో టాగోర్ ‘జనగణమన’ పాడాడు. ఆ పాట అప్పటికి కొత్తది కాదు. 1911లోనే కలకత్తా కాంగ్రెసులో వినిపించినది. కానీ దానిని ఆయన స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించినదీ, మార్గరెట్ దాని బాణీని స్వరలిపిలో నమోదు చేసినదీ ఆ మదనపల్లెలోనే. ఒక కవి, ఒక సంగీతజ్ఞురాలు, పాడటానికి ఉత్సాహపడే పిల్లలు, కొన్ని తీరిక దినాలు. ఇంతకు మించి సరంజామా ఏమీ లేదు. ఆ కవి అక్కడికి వచ్చినది విశ్రాంతి కోసమేనన్నది నాకు మరీ ఇష్టమైన సంగతి.

ఇవన్నీ కలిపి చూస్తే కళావాసానికి మూడే ఆధారాలనిపిస్తుంది. తీరిక, తనకంటె ముందు నడిచిన ఒక మనిషి, తన కళ కాని కళ తెలిసిన ఒక పొరుగు. మూడవది చాలామంది అలంకారమనుకుంటారు. నేనూ పుస్తకాల్లో చదివి ఉంటే అలాగే అనుకునేదాన్నేమో. కానీ మా మేడమీద నాలుగేళ్ళుగా వీణ టీచరుగారు అద్దెకుంటున్నారు.

పోయిన వేసవిలో ఒక కథ నాకు కొరుకుడు పడక, కరెంటు పోయిన ఒక రాత్రి డాబా మీద ఆవిడకు చదివి వినిపించాను. కథలు ఎక్కువగా చదవని మనిషి. అంతా విని, “బాగానే ఉందమ్మాయ్. కానీ ఊపిరి ఎక్కడ పీల్చుకోమంటావు? ఆలాపనలో న్యాస స్వరమని ఉంటుంది, దాని మీద కాసేపు నిలవాలి. నువ్వు ఎక్కడా నిలవడం లేదు, ఒకటే పరుగు,” అన్నారు. ఏ విమర్శకుడూ నాకు అలా చెప్పలేదు. రెండు పేరాలు తీసేసి, ఆ తల్లి ఖాళీ పెట్టెను మూసే చోట ఒక్క వాక్యంతో ఆగాను. కథ నిలబడింది. బదులుగా నేను ఆవిడకు ఇచ్చినది చిన్నదే. తాను పాడే ఒక పదంలో నాయిక ఎవరిని దెప్పుతున్నదో అర్థం వివరించాను. మరునాడు అదే పదం మేడమీద నుంచి మరింత నిదానంగా, కొంచెం కోపంగా వినిపించింది.

ఈ సంక్రాంతి తరువాత టీచరుగారు కూతురి దగ్గరకు పుణె వెళ్ళిపోతున్నారు. గది ఖాళీ అవుతుంది. ‘టు లెట్’ బోర్డు తెచ్చి సిద్ధంగా ఉంచారు మావారు. అద్దె డబ్బు మాకు లెక్కలోనిదే, అత్తగారి మందులు దానితోనే వస్తాయి. అందుకని ఆ గదిని ఊరికే ఉంచేయమని అడగను. సంవత్సరంలో రెండు నెలలు మాత్రం నాకిమ్మని అడిగాను. మిగతా పది నెలలకు ఎవరైనా వస్తారా అని ఆయన సందేహం. న్యాయమైన సందేహమే.

ఆ రెండు నెలల్లో ఒక్కొక్కరికి పది రోజులు. వయోపరిమితి లేదు. రాత్రి ఇంటికి పోవలసినవారు పోవచ్చు, పొద్దున్న తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా తలుపు వేసుకుంటే చాలు. ఈ చుట్టుపక్కల, సైనిక్‌పురిలోనో, కాప్రాలోనో, బొమ్మలు వేసేవారూ, హరికథ నేర్చినవారూ, నాటకాలాడి మానేసినవారూ ఎందరున్నారో! ఒంటిగంటకు అన్నం బుట్ట గుమ్మంలో పెట్టే పూచీ నాది. తలుపు తట్టను. సాయంత్రం మాత్రం డాబా మీదకు వచ్చి, ఆ రోజు చేసినది తమ కళ తెలియని ఒక్కరికైనా చూపించాలి. నియమం అదొక్కటే.

నా బుట్ట ఎవరు సర్దుతారంటారా? ఆ మాటా మావారినే అడిగాను. బోర్డు ఇంకా తలుపు వెనకాలే ఉంది. ఆయన ఆలోచిస్తున్నారు.