తరుగు కుప్ప

సముద్రతీర రిసార్టుల్లో చెత్త ఏమవుతోందో మా సంపాదకుడు వరుసగా రాయిస్తున్నారు. రెండు నెలల రద్దీ, ఆ రద్దీ మిగిల్చే చెత్త, ఆ తర్వాత అందరూ మరిచిపోవడం సముద్రం లేని నూజివీడు మామిడి కాటాల్లోనూ ఉందన్నాను. "అయితే చూసి రాయండి" అన్నారు. మే మధ్యలో వెళ్లాను.

రోడ్డు పక్కన రేకుల పందిరి కింద కాటా. ఒకవైపు బంగినపల్లి రాశి, ఇంకోవైపు కలెక్టర్ కాయ, మూలన చిన్నరసాలు. యజమాని లారీ లోడింగ్ చూపిస్తానన్నారు గానీ, నా చూపు పందిరి చివర కూర్చున్న ఒక పెద్దావిడ చేతుల దగ్గరే ఆగిపోయింది.

ఆమె కాయ వంక చూడదు. చేతిలో పడగానే బొటనవేలు తొడిమ పక్కకు పోతుంది. అక్కడ మెత్తబడితే కుళ్లు మొదలైనట్టే, బుట్టలోకి. తొక్క మీద సూదిగుచ్చినంత చుక్క, చుట్టూ చెమ్మ తగిలితే పండు ఈగ, వెనక కుప్పలోకి. దెబ్బ మాత్రమే తగిలిన కాయ ట్రేలోకి, జ్యూసు బండ్లవాళ్ల కోసం. సొన కాల్చిన మచ్చలు మణికట్టు దాకా ఉన్నాయి.

"గ్లౌజులు ఇవ్వరా అమ్మా?"

"తొడుక్కుంటే కాయ తెలియదు బాబూ."

ఇంత నేర్పుకూ ఆమెకు దక్కేది ఊడ్చే మనిషికిచ్చే కూలే.

ఇంతలో కాటా దగ్గర ఒక రైతు గొంతు పెరిగింది. "టన్నుకింతని తరుగు తీశారు గదండీ. ఆ తీసిన కాయ నాకిచ్చేయండి, నా తోటలో పాతిపెట్టుకుంటా!" ఎవరూ జవాబివ్వలేదు. ఆ రోజు నేను విన్నవాటిలో అంత న్యాయమైన మాట మరొకటి లేదు.

పురుగుందని, కుళ్లుతుందని తరుగు కోసేది రైతు లెక్కలోంచి. కోసిన తర్వాత ఆ పురుగునూ కుళ్లునూ ఏం చేయాలన్నది మాత్రం ఎవరి పనీ కాదు. పందిరి వెనక కుప్ప చూశాను. తడిసిన గడ్డి, చినిగిన కాయ కవర్లు, ప్లాస్టిక్ తాళ్లు, వాటి మధ్య నల్లబడ్డ మామిడి. కంపు కన్నా నాకు కోపం తెప్పించింది వేరే ఉంది. పండు ఈగ పురుగులు కాయలోంచి బయటపడి మట్టిలో దూరి కోశాలవుతాయి. వారం పది రోజుల్లో రెక్కలొచ్చి దగ్గర్లోని తోట వెతుక్కుంటాయి. రాలిన కాయ ఏరి లోతుగా పూడ్చమని, మిథైల్ యూజినాల్ ఎరలు కట్టమని శాస్త్రవేత్తలు రైతుకు చెబుతూనే ఉన్నారు. చెప్పినట్టు చేసిన రైతు తోటలోకి ఈగ ఈ కుప్ప నుంచి తిరిగొస్తుంది. 2014 మేలో ఐరోపా సమాఖ్య మన మామిడిని రానివ్వకుండా ఆపింది ఈ ఈగ వల్లే. 2015లో గానీ ఆ నిషేధం ఎత్తలేదు.

రోజుకు సగటున 100 కిలోలు మించి చెత్త వచ్చే హోటళ్లనూ మార్కెట్లనూ 2016 ఘన వ్యర్థాల నిబంధనలు భారీ చెత్త ఉత్పత్తిదారులుగానే లెక్కగట్టాయి. తీరంలో రిసార్టును అడిగినట్టే కాటానూ అడగాలి. తరుగు పద్దులోంచే కొంత తీసి గొయ్యి తవ్వించి, రోజూ పూడ్పించడం పెద్ద ఖర్చు కాదు.

ఆ కుప్పలో పారేయాల్సింది కూడా తక్కువే. గడ్డి, మెత్తబడ్డ గుజ్జు ఎరువవుతాయి. అంట్లు కట్టే నర్సరీలకు టెంకలు కావాలి, అవి కొద్ది వారాల్లోనే మొలక శక్తి కోల్పోతాయి గనుక వెంటనే ఏరాలి. టెంక లోపలి జీడిలోని కొవ్వును చాక్లెట్లలో వాడటానికి ఐరోపా 2000లోనే అనుమతించింది. మనం ఆ జీడిని గడ్డితో కలిపి కుళ్లబెడుతున్నాం.

వచ్చేముందు యజమానిని అడిగాను. "సీజన్ అయ్యాక జేసీబీ పెట్టి ఎత్తించేస్తామండీ" అన్నారు. సీజన్ అయ్యేది జూన్ ఆఖరుకు. అప్పటికి ఈగ ఎన్ని కాన్పులు దాటుతుందో ఆయనకు నేను చెప్పక్కర్లేదు, పక్క ఊళ్లో ఆయనకూ తోట ఉంది.