నార్సింగిలో కత్తి పట్టిన ఆడవాళ్లు

నార్సింగి చౌరస్తాలో కారు దిగగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఊరేదే?"

నిజమే మరి. కళ్లముందు ఫ్లైఓవర్లు, లేడీస్ హాస్టళ్ల బోర్డులు, మండీ బిర్యానీ హోటళ్లు, విల్లాల హోర్డింగులు. ఊరు రోడ్డు వెనకాల ఉంది, వెతుక్కోవాలి. గండిపేట గేట్లు ఎత్తినప్పుడు మాత్రం మూసీ గుర్తొస్తుంది. నార్సింగి, మంచిరేవుల మధ్య సర్వీసు రోడ్డు మీదికి నీళ్లొచ్చి, పోలీసులు బారికేడ్లు పెట్టేస్తారు. అవతల కోకాపేట టవర్లు. వాటి మధ్య ఇంకా పగలగొట్టని బండరాళ్లు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు.

"గీ గుట్టలు జూస్తే పాత కత్తుల సినిమా యాదికొస్తుంది" అంది అమ్మ. అమ్మది నకిరేకల్ దగ్గర పల్లె. మాట కరెక్టుగానే పడింది, ఎందుకంటే ఆ మధ్య నాకు పట్టిన పిచ్చి అదే.

మా ఆఫీసులో కుర్రపిల్లలందరూ కొరియన్ సీరియళ్లు చూస్తారు. నేను కాస్త వెనక్కి వెళ్లి పాత కొరియన్ సినిమాల్లో పడ్డాను. కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్లు తమ పాత చిత్రాలెన్నో యూట్యూబ్‌లో ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో ఉచితంగా పెట్టారు. ఆ కత్తియుద్ధాల చిత్రాల వెనక ఒక హాంకాంగ్ సినిమా ఉంది. 1966లో కింగ్ హూ తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ'. హీరోయిన్ చెంగ్ పెయ్ పెయ్. అప్పటికి ఇరవయ్యేళ్ల పిల్ల, బ్యాలే నేర్చుకుంది. డాన్సు వస్తే కత్తి తిప్పడం వస్తుందని దర్శకుడి నమ్మకం. దొంగలు ఎత్తుకుపోయిన అన్నను విడిపించడానికి మగవేషంలో ఒంటరిగా ఒక సత్రంలోకి వచ్చి కూర్చుంటుంది. చుట్టూ బందిపోట్లు. ఆమె గాభరా పడదు. ఆ ఒక్క సీను కోసం సినిమా రెండుసార్లు చూశాను. అది కొరియాలో బాగా ఆడింది. ఆ ఊపులో అక్కడా కత్తుల సినిమాలు వరసగా వచ్చాయి.

ఆ రాత్రి అమ్మకు పెట్టింది కొరియా వాళ్లదే, 1969 నాటి 'వెయ్యేళ్ల నక్క'. దర్శకుడు షిన్ సాంగ్ ఓక్. (ఈయన కథే ఒక సినిమా. 1978లో ఉత్తర కొరియా వాళ్లు ఎత్తుకుపోయారు. భార్యతో సహా తప్పించుకుని బయటపడింది 1986లో.) సిల్లా రాజ్యపు రాణి ఒక సేనాపతి మీద మనసుపడి, అతని భార్యను రాజధాని నుంచి వెళ్లగొట్టిస్తుంది. దారిలో దొంగలు పడి ఆమె పసిబిడ్డను చంపేస్తారు. ఆమె చెరువులో పడుతుంది. ఆ నీళ్లలో వెయ్యేళ్లుగా పగతో కాచుకున్న నక్క ఆత్మ ఆమెలో దూరుతుంది. ఇక రాత్రయితే అంతఃపురం గజగజే.

అమ్మకు సబ్‌టైటిల్స్ చదవడం రాదు. అరగంట చూసి, "ఇది మన విఠలాచార్య సినిమానే గదనే" అని తేల్చేసింది. 'జగన్మోహిని'లో జయమాలిని దయ్యమై వచ్చినట్టే ఉందట. నాకు నవ్వొచ్చింది కానీ, కాదనలేకపోయాను.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం నవ్వు రాలేదు.

"నక్క దూరితే గానీ గా పిల్లకు కోపం రానియ్యరా?"

అప్పుడు వరసగా గుర్తొచ్చాయి. చెంగ్ పెయ్ పెయ్ మగవేషంలో వస్తేనే సత్రంలో చోటు. మన 'అరుంధతి' అయితే ఒకసారి చచ్చి మళ్లీ పుట్టాలి. 'రుద్రమదేవి'లో రాజు కూతుర్ని కొడుకని చెప్పి పెంచాలి. ఆ చివరిది మా ఇంటికి దగ్గరి సంగతే. 2015లో వచ్చిన ఆ సినిమాకు తోట తరణి వేసిన సెట్లలో కొన్ని గోపన్‌పల్లిలో ఉండేవి, నార్సింగికి ఉత్తరాన, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాటాక. అంటే అనుష్క కత్తి దూసింది మన సాఫ్ట్‌వేర్ బస్సులు తిరిగే దార్లలోనే! అసలు రుద్రమ 1262 నుంచి 1289 దాకా రాజ్యమేలింది. కొన్ని శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అనే చెప్పుకున్నాయి. ఆమె శివలోకానికి వెళ్లిందని 1289లో పువ్వుల ముమ్మడి అనే భటుడు వేయించిన శాసనం చందుపట్లలో ఉంది. అది నకిరేకల్ మండలమే.

"చందుపట్ల మనకు గింత దూరం. నేనెన్నడూ చూళ్లే" అంది అమ్మ. "'రౌడీ రాణి'కే పోనియ్యలే మా నాయిన, ఇంక రాళ్లు చూసేటందుకు పోనిస్తడా."

1970లో వచ్చిన 'రౌడీ రాణి' విజయలలిత సినిమా. అప్పుడు అమ్మకు పదమూడేళ్లు. కథంతా ఊళ్లో మగపిల్లలు చెబితే విన్నదేనట.

ఇంతసేపూ చెప్పనిది అప్పుడు చెప్పింది. ఆ ఏడే చీకట్లో, చెరువుకట్ట మీద, మా పెదమామ ప్యాంటు, చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాల చుట్టుకుని సైకిల్ నేర్చుకుందట. నాలుగు రోజులు సాగింది. ఐదో రోజు ఎవరో తువ్వాల గుంజారు. ఇంటికొచ్చాక తాత కొట్టిన దెబ్బలకంటే, సైకిల్‌ను అటక మీదికి ఎక్కించేయడం ఎక్కువ నొచ్చిందట. "అన్నకు గూడ లేకుండ జేసిండు" అంది. మామ అందుకే ఆర్నెల్లు మాట్లాడలేదట.

మర్నాడు పొద్దున్నే నా సైకిల్ నడిపించుకుంటూ అమ్మను రింగురోడ్డు పక్క సైకిల్ ట్రాక్‌కు తీసుకెళ్లాను. 2023లో మొదలైన ట్రాక్ ఇది. మొత్తం 23 కిలోమీటర్లు, పైకప్పంతా సోలార్ పలకలు. నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఒక పాయ, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఇంకో పాయ. ఆరు కాకముందే రష్. హెల్మెట్లు, నల్ల కళ్లద్దాలు, ముఖానికి గుడ్డలు. సర్రుమని పోతున్నారు.

అమ్మ రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు నిలబడింది. "మొగోళ్లా, ఆడోళ్లా? తెలుస్తనే లేదు" అంది. ఒకమ్మాయి ఆగి హెల్మెట్ తీసి జడ సరిచేసుకుంది. అమ్మ ఆ జడను చూసింది, తర్వాత నా సైకిల్‌ను చూసింది. హ్యాండిల్ మీద చెయ్యి వేసి బెల్లు ఒకసారి కొట్టింది.

"ఎక్కుతవా అమ్మా? నేను పట్టుకుంట."

"చీరె మీద ఎట్లనే?"

ఇడ్లీ బండి దగ్గర తిని, ఇంటికొచ్చాం. మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉండగా తలుపు కొంచెం తెరిచి, గుసగుసగా అంది:

"నీ ప్యాంటు ఒకటి తీసిపెట్టు, వదులుది. రేపు జల్దీ పోదాం."